మిషను చెవికెక్కని మాట

మా బడికి వేలితో ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెర వచ్చిన రోజు హెడ్మాస్టరు గారు దానికి కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టించారు. బిగించడానికి వచ్చిన మెకానిక్ "సార్, నీళ్లు పడితే పాడైపోతుంది సార్" అని మొత్తుకున్నాడు. ఆయన వినలేదు. "లారీకి కొడతాము, బోరుకు కొడతాము, దీనికి కొట్టకపోతే ఎట్లప్పా" అన్నారు. పిల్లలకు కొబ్బరిముక్కలు పంచి, ఒక్కొక్కరినీ వచ్చి తెర ముట్టుకోమన్నారు. వాళ్లు పలకలకు అలవాటుపడ్డ పిల్లలు. తెర మీద వేలితో అక్షరం రాసి, వెంటనే అరచేత్తో తుడిచేవారు. అరచెయ్యి తగలగానే బొమ్మలన్నీ దొర్లుకుంటూ పోయి ఇంకేదో తెరుచుకునేది. బడి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తెర ముందు నేను నవ్విన రోజులు కూడా ఉన్నాయని ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే నేను రాయబోయేదాంట్లో చేదే ఎక్కువ.

నేను తెలుగు టీచర్ని. మా బడి మడకశిర దాటి, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంటుంది. తరగతిలో కొందరి ఇళ్లలో తెలుగు, కొందరి ఇళ్లలో కన్నడం, అంగట్లో రెండూ. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు. పడని ఏళ్లే ఎక్కువ కాబట్టి గొర్రెలే ఎక్కువ.

"పాతకాలం టీచర్లకు టెక్నాలజీ అంటే పడదు" అని మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికి పడదు? మా బడిలో లైబ్రరీ అంటే ఒక బీరువా, దాని తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నిండుగా పారే నదిని ఎన్నడూ చూడని పిల్లలకు నేను నది పాఠం చెప్పాలి. ఆ తెర మీద గోదావరిని చూపించినప్పుడు ఒక పిల్లవాడు లేచి నిలబడి, "మేడం, అన్ని నీళ్లు యాడికి పోతాండాయి?" అని అడిగాడు. సముద్రంలోకి అన్నాను. "అయ్యో, ఊరకే పోతాండాయా!" అని వాడు నొచ్చుకున్న తీరు నేను మరిచిపోలేను. తెర లేకపోతే ఆ ప్రశ్న పుట్టదు. ఆ మేరకు దానికి నేనే దండం పెడతాను. బొట్టు కూడా పెడతాను.

ఆ ఏడు ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. గొర్రెలు మేపుకునే ఇల్లు. ఎండాకాలం వస్తే తల్లిదండ్రులు మందను తోలుకుని నీళ్లున్న చోటికి పోతారు. ఆ పిల్లా వెంట పోయి, బడి తెరిచాక నల్లగా కమిలిన ముఖంతో తిరిగి వచ్చేది. రాత అంతంతమాత్రం. మాట మాత్రం అలా కాదు. నోరు విప్పిందంటే వెనక బెంచీలవాళ్లు కూడా ముందుకు జరిగేవారు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎవరి ముఖం చూసి చెప్పాలో ఎవరూ నేర్పకుండానే తెలిసిన పిల్ల. ఎవరూ నేర్పలేదని నేను అనుకున్నాను గానీ, తర్వాత వాళ్లమ్మతో నాలుగు మాటలు మాట్లాడాక ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది.

ఒకరోజు ఆ పిల్ల మంద దగ్గరికి తోడేలు వచ్చిన సంగతి చెప్తుంటే నా ఫోన్లో రికార్డు చేశాను. "తోడేలు వచ్చినాది. మా నాయన గురక పెడతాండాడు. మాయమ్మ లేసి, అది యాడుండాదో గూడా సూడకుండా, సంగటి కుండ మూత ఎత్తుకోని బండకేసి కొట్టింది సూడు! తోడేలు పోయినాది, మా నాయన లేసినాడు. పొద్దున్నే అందరికీ ఏం చెప్పినాడో తెలుసునా? నేనే తరిమినా అన్యాడు." తరగతి పడీపడీ నవ్వింది. ఫోన్ను పెద్ద తెరకు కలిపి, దాని స్పీకర్లలో మళ్లీ వినిపించాను. తన గొంతు అంత పెద్దగా వినేసరికి ఆ పిల్ల సిగ్గుతో బెంచీ కిందికి దూరింది. కాసేపటికి తల బయటపెట్టి, "మేడం, కుక్క సంగతి మర్సిపోయినా. మల్లా చెప్తా, మల్లా పట్టుకోండి" అంది.

ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి. తాను చెప్పినదాన్ని తానే విని, కొరత ఎక్కడుందో తానే కనిపెట్టి, సరిచేసుకుంటానని పిల్ల అడిగింది. అంతకంటే చదువు ఇంకేముంటుంది? మూడుసార్లు చెప్పింది, మూడోసారికి కుక్క వచ్చింది, గాలి వచ్చింది, చీకటి వచ్చింది. మరుసటి రోజు ఆ రికార్డు పెట్టుకుని పిల్లలంతా కథను రాశారు. అక్కడ జగడం మొదలైంది. 'ఉండాది' అని రాయాలా, 'ఉంది' అని రాయాలా? సగం మంది అటు, సగం మంది ఇటు. ఇంట్లో ఉండాది అంటాం, పుస్తకంలో ఉంది అని రాస్తాం, రెండూ మనవే అని చెప్పాను. ఆ పిల్ల, "గొర్రెలు మేపను పోయేటప్పుడు ఒక గుడ్డలు, పెండ్లికి పోయేటప్పుడు ఒక గుడ్డలు, అట్ల కదా మేడం" అంది. బీఎడ్‌లో నేను చదువుకున్న పుస్తకాల్లో ఈ సంగతి ఎన్నో పేజీలు నడిచింది. ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.

ఒక ఫోను, ఒక స్పీకరు, వినడానికి ఒక తరగతి. టెక్నాలజీ పాఠంలో కలవడమంటే అదేనని నాకు అప్పటికీ ఇప్పటికీ నమ్మకం. కానీ దాన్ని ఫొటో తీసి పై అధికారులకు పంపడానికి వీలుండదు. ఫొటోలో ఏం కనపడుతుంది? ఫోను పట్టుకుని నిలబడ్డ ఒక టీచరు కనపడుతుంది.

తర్వాతి ఏడు ట్యాబులు వచ్చాయి. వాటిలో ఒక యాప్. పిల్లలు తెర మీది వాక్యాన్ని పైకి చదివితే అది వింటుంది. సరిగా చదివిన మాట పచ్చగా, తప్పు చదివినది ఎర్రగా మారుతుంది. చివర్లో పిల్లలకే రంగు వేస్తుంది: పచ్చ, పసుపు, ఎరుపు. పట్నంలో మాకు శిక్షణ పెట్టారు. శిక్షణ ఇచ్చే అతను చక్కటి చొక్కా వేసుకుని, చక్కటి తెలుగు మాట్లాడుతూ, "ఇది టీచరు కంటే ఓపిగ్గా వింటుంది మేడం" అన్నాడు. ఏ తెలుగు వింటుందని అడిగాను. అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. "తెలుగు తెలుగే కదా మేడం?" అన్నాడు. వెనక వరసలో ఎవరో, "మాది తెలుగేనా కాదా అని మాకే అనుమానం లెండి సార్" అన్నారు. హాలంతా నవ్వి, అందరూ భోజనాలకు లేచారు. నాకు నవ్వు రాలేదు.

మొదటి పరీక్ష రోజు తోడేలు కథ చెప్పిన మా పిల్ల ట్యాబు ముందు కూర్చుంది. అప్పటికి ఏడో తరగతికి వచ్చింది. తెర మీద ఉన్న వాక్యాలు ఇవి: అవ్వ ఇంట్లో ఉంది. తాత పొలానికి వెళ్లాడు. మనవరాలు ఎక్కడ ఉందని అవ్వను అడిగాడు. ఆ పిల్ల గడగడా చదివింది: "అవ్వ ఇంట్లో ఉండాది. తాత సేనికి పోయినాడు. మనవరాలు యాడుండాదని అవ్వను అడిగినాడు." మధ్యలో తాత గొంతు కూడా పెట్టింది. తెర నిండా ఎరుపు. పిల్ల నా వైపు చూసింది. ఏం తప్పు చేసిందో దానికి తెలియలేదు.

తప్పేమీ చేయలేదు. అది చదవడం రాని పిల్ల చేసే పని కానే కాదు. చదవడం రాని పిల్ల 'వెళ్లాడు' అనే మాట దగ్గర ఆగుతుంది, నీళ్లు నములుతుంది. ఈ పిల్ల కన్ను అక్షరాన్ని దాటి అర్థం మీద వాలింది, నోరు ఆ అర్థాన్ని తన ఇంటి మాటలో చెప్పింది. పొలాన్ని చూసి 'సేను' అన్నదంటే దాని కళ్ల ముందు సేను కనపడిందన్నమాట. ఇరవై ఏళ్లుగా చదువు చెప్తున్న ఏ టీచరైనా దీన్ని విని సంతోషిస్తుంది. టీచరు కంటే ఓపిగ్గా వినే మిషను మాత్రం ఎరుపు వేసింది.

దాని తర్వాత కన్నడం మాట్లాడే ఇంటి పిల్లవాడు కూర్చున్నాడు. కొత్తగా అక్షరాలు పట్టుబడినవాడు. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కుంటూ, ఉన్నది ఉన్నట్టు చదివాడు. పచ్చ! వాడి పేరు పక్కన ఒక నక్షత్రం కూడా వచ్చింది. సంతోషపడి, తాత ఎక్కడికి పోయాడురా అని అడిగాను. "గొత్తిల్ల మేడం" అన్నాడు. తెలియదని వాడు నిజాయితీగా ఒప్పుకున్నాడు. మిషను ఆ పాటి నిజాయితీ కూడా చూపించలేదు.

నేను తిన్నగా హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయాను. ఆయనా ఈ ప్రాంతం మనిషే, పిల్లలంటే ప్రాణం, కాకపోతే పైవాళ్లంటే భయం. చెప్పిందంతా విని, "ఏదీ, ఆ ట్యాబు ఇట్లియ్యమ్మా" అని తానే చదవడం మొదలుపెట్టారు. కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, జెండా పండగనాడు మాట్లాడినట్టు చదివారు. పసుపు వచ్చింది. మళ్లీ చదివారు. మళ్లీ పసుపే. తలుపు వైపు ఒకసారి చూసి, "ఈ సంగతి స్టాఫ్ రూములో చెప్పొద్దమ్మా" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన నవ్వు ఆపి, "నాకు పసుపొస్తే నా పింఛనేం పోదు. పిల్లోళ్లు ఎర్రలో ఉంటే మన బడి ఎర్రలో ఉంటాది. మిషనుతో కొట్లాడతావా నువ్వు? నేర్పించు, అది అడిగినట్లే చదవమను" అన్నారు.

శిక్షణ వాట్సాప్ గ్రూపులో ఇదంతా వివరంగా రాశాను. మా పిల్లల మాట ఇది, వాళ్లు చదివింది అర్థమయ్యే చదువుతున్నారు, దీన్ని తప్పుగా లెక్కించవద్దు అని. జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. దాని కింద ఎవరో శుభోదయం పువ్వులు పెట్టారు. ఆ పువ్వులు వచ్చి పడేకొద్దీ నా మాట పైపైకి జరిగి కనపడకుండా పోయింది, మళ్లీ ఎవరూ దాన్ని ఎత్తలేదు.

ఎరుపు వచ్చినవాళ్లకు మధ్యాహ్నం అన్నం తిన్నాక వరండాలో వేరే తరగతి పెట్టారు. తరగతి అంటే తరగతి కాదు. అందరూ తలా ఒక ట్యాబు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని దానితో మాట్లాడాలి. మా వైపు గాలి సంగతి తెలిసినవాళ్లు ఎవరూ అక్కడ ఆ పని పెట్టరు. గాలి వీస్తే అది గాలిని కూడా వినేది. బడి పక్క చేనులో బోరు లారీ వచ్చి రాతిని తొలిచిన రోజున ట్యాబులన్నీ ఒక్క గొంతుతో "మళ్లీ చదవండి, మళ్లీ చదవండి" అన్నాయి. పిల్లలు తువ్వాళ్లు కప్పుకుని, ట్యాబును ఒళ్లో దాచుకుని చదివారు. సరిగ్గా అదే వేళకు లోపల నా తెలుగు పీరియడ్, పిల్లలు కథలు చెప్పుకునే పీరియడ్. కథ చెప్పగలిగిన పిల్ల బయట గోడ దగ్గర ఉంది.

కోపంతో రెండు రోజులు ఆ పిల్లను లోపలికి పిలిచేశాను. మూడో రోజు హెడ్మాస్టరు గారు వచ్చి, ఆ పేరు పక్కన సాధన సున్నా చూపిస్తోందని, పైనుంచి ఫోన్ వచ్చిందని చెప్పారు. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో కూడా ఆ యాప్ పైవాళ్లకు చెప్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. పిల్ల తానే లేచి వరండాలోకి పోయింది.

మార్పు నా కళ్ల ముందే వచ్చింది. ఒక శనివారం, ఎరుపు పిల్లలకు తరగతి లేని రోజు, కథ చెప్పమని ఆ పిల్లను అడిగాను. లేచి నిలబడింది. "వద్దు మేడం, తప్పులు పోతాయి" అంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. నేను బతిమాలాను, ఇక్కడ మిషను లేదు, మనమే ఉన్నాం అన్నాను. తల అడ్డంగా ఊపి కూర్చుంది. నేను ఆ రోజు బోర్డు వైపు తిరిగి చాలాసేపు ఏదో రాస్తూ ఉండిపోయాను. ఏడుపూ కోపమూ కలిసి వస్తే టీచరుకు బోర్డు కంటే దిక్కు లేదు.

ఆ పిల్ల మొండిది. మొండితనంలోనూ వాళ్లమ్మ పోలికే. ఎరుపు నుంచి బయటపడాలని పట్టుపట్టింది. పసుపుకు వచ్చింది. దీపావళి దాటాక పచ్చకు వచ్చింది. వరండాలోకి పోయి విన్నాను. వేలు పెట్టి, ఒక్కొక్క మాటనూ విడివిడిగా, కిందా మీదా లేని గొంతుతో చదువుతోంది. వెళ్లాడు. అడిగాడు. ఎక్కడ ఉంది. అన్నీ పచ్చ. కథలో ఏం జరిగిందమ్మా అని అడిగాను. కంగారుగా ట్యాబు వైపు చూసి, "ఉండండి మేడం, చూసి చెప్తాను" అంది. తోడేలును తరిమిన కథను మూడుసార్లు మెరుగుపెట్టిన పిల్ల, ఇప్పుడే తాను చదివిందేమిటో చెప్పలేకపోయింది. పైకి పోయిన లెక్కలో మాత్రం అది మా బడి సాధించిన ప్రగతి.

ప్రగతి చూడటానికి పైనుంచి ఒక అధికారి వచ్చాడు. ఆ రోజే తల్లిదండ్రుల మీటింగు కూడా పెట్టారు. ఎరుపు నుంచి పచ్చకు ఎగబాకిన పిల్లగా ఆ అమ్మాయిని ముందు కూర్చోబెట్టారు. వాళ్లమ్మ మందను ఎవరికో అప్పజెప్పి వచ్చింది. తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని, వెనక గోడ పక్కన నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. నన్ను చూసి నవ్వి, "పాప పేరు మైకులో చెప్పినారు మేడం, ఇన్యారా" అంది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

అమ్మాయి పెద్ద తెర ముందు నిలబడి చదివింది. ఒక్క మాటా ఎర్రబడలేదు. చప్పట్లు కొట్టారు. అధికారి మంచివాడే, నవ్వు ముఖం. మైకు పట్టుకుని వెనకదాకా నడిచి, తల్లి దగ్గరికి పోయి, "ఏమమ్మా, పాప ఇంటి దగ్గర కూడా చదువుతోందా?" అని అడిగాడు.

ఆమెకు మైకు కొత్త. కానీ మాట కొత్త కాదు కదా. రెండు చేతులూ తిప్పుతూ మొదలుపెట్టింది. "శానా బాగా చదువుతాండాది సార్. గొర్రెల కాడికొచ్చినా చదువుతాండాది, సంగటి తినేటప్పుడు గూడా చదువుతాండాది, వాళ్ల నాయన ఏమంటాడంటే..."

"చదువుతాండాది కాదుమా," అంది కూతురు ముందు నుంచి, మైకు లేకపోయినా అందరికీ వినపడేలా. "చదువుతోంది అనల్ల."

హాలంతా గట్టిగా చప్పట్లు కొట్టింది. అధికారి అందరికంటే గట్టిగా కొట్టాడు. "చూశారా, పిల్లలు ఇంటిని కూడా మారుస్తున్నారు!" అన్నాడు. సరిదిద్దిన పిల్ల కూడా 'అనాలి' అనకుండా 'అనల్ల' అన్నదని ఎవరూ పట్టించుకోలేదు. మిషను పెట్టి ఉంటే దాన్ని కూడా ఎర్రగా చేసేది. "ఆమె అన్నది తప్పు కాదు సార్" అని నేను లేచి గట్టిగానే అన్నాను. చప్పట్లలో కలిసిపోయింది. అధికారి నా వైపు చూసి, నేను అభినందిస్తున్నానని అనుకుని తల ఊపాడు.

పిల్లలో పొగరేమీ లేదు, అది నేను ఒట్టేసి చెప్పగలను. అమ్మ నలుగురిలో తప్పు మాట్లాడుతోందని, ఎర్రబడిపోతుందని, కాపాడాలని అలా అంది. తల్లి నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధికారి మైకు ఇంకా ఆమె ముందే పట్టుకుని ఉన్నాడు. ఆమె తల ఊపింది గానీ, వాళ్ల నాయన ఏమంటాడో చెప్పలేదు.

మీటింగు అయిపోయాక అందరికీ మిక్చరు, టీ ఇచ్చారు. ఆమె టీ తాగకుండా నా కోసం గేటు దగ్గర నిలబడి ఉంది. నేను పోగానే ఆమె చేతులు పట్టుకుని, నీ మాట తప్పు కాదమ్మా, నీ కూతురు కథలు చెప్పడం నీ దగ్గరే నేర్చుకుంది, నేను విన్నాను కదా అని గబగబా చెప్పాను. మర్యాదగా విన్నది. డాక్టరు బాగైపోతుంది అంటే రోగి వినే తీరులో విన్నది. "మీరు మంచోళ్లు కాబట్టి అట్లంటారు మేడం" అంది. తర్వాత అటూ ఇటూ చూసి, మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా అడిగింది.

"ఆ మిషను ఒగటి మా ఇంటికి గూడా ఇస్తారా మేడం? నేను గూడా నేర్సుకుంటా. లేకుంటే నేను పాపతో ఎట్ల మాట్లాడేది?"